ఏ కాగితం ఎవరి దగ్గర ఉంటుంది

పిన్నికి కావలసింది మూడు కాగితాలు. ఎఫ్‌ఐఆర్ నకలు, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు. బాబాయి మిరపచేలో నీళ్లు కడుతుంటే పాము కరిచి పోయాడు. బ్యాంకు ఖాతాలోంచి ఏటా 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా, అంటే ప్రమాద బీమా, ఉంది కాబట్టి 2 లక్షలు రావాలి, దానికి ఆ మూడూ తెమ్మన్నారు. స్టేషన్‌కి పోతే "ఫైలు పైకి పోయిందమ్మా, కోర్టులో అడుగు" అన్నారట. బస్సెక్కి కోర్టుకి పోతే "ఈ నంబరు మీద మా దగ్గర కేసే లేదు" అన్నారట. ఇద్దరూ తిప్పి పంపారు గానీ ఎక్కడికి పోవాలో ఒక్కరూ చెప్పలేదు. పొద్దున్నే మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని "నాకు చదువు రాదనేగా అబ్బాయ్ ఇట్టా తిప్పేది" అంటే నాకు చాలా కష్టమనిపించింది. చేలో పురుగుమందు కొట్టే పని తమ్ముడికి అప్పజెప్పి నేనూ బయల్దేరాను.

కోర్టు వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, నిజంగానే అక్కడ ఏమీ ఉండదు. పాముకాటు, కరెంటు షాకు, పిడుగు, బావిలో పడటం లాంటి చావుల్లో ఇంకొకరి తప్పు లేదనుకుంటే పోలీసులు కట్టే కేసు వేరు. పాత నేర విచారణ చట్టంలో దాన్ని 174 సెక్షన్ అనేవాళ్లు, దాని బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బిఎన్‌ఎస్‌ఎస్‌లో అది 194. అందులో ముద్దాయి ఉండడు, ఛార్జిషీటు ఉండదు, ఆ రిపోర్టు జడ్జి గారి దగ్గరికి కాకుండా కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకి, అంటే మా వైపు తహసీల్దారుకో ఆర్డీఓకో పోతుంది. స్టేషన్‌లో చెప్పిన ఆ "పైకి" అంటే రెవెన్యూ ఆఫీసు. ఈ ఒక్క ముక్క ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే ఆమెకి కోర్టు దాకా బస్సు చార్జీలు, ఒక రోజు కూలి మిగిలేవి. పల్లెల్లో మనుషులు నష్టపోయేది ఇలాంటి చోటే. చట్టం వాళ్లకి హక్కు ఇచ్చింది, ఆ హక్కు ఏ గదిలో ఉందో చెప్పే మనిషిని మాత్రం ఇవ్వలేదు.

బయల్దేరే ముందు పిన్ని మరిదిని పిలిచాను. ఆ రాత్రి స్టేషన్‌లో ఫిర్యాదు రాసి సంతకం పెట్టింది అతనే. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి ఎఫ్‌ఐఆర్ నకలు అక్కడికక్కడే, పైసా లేకుండా ఇవ్వాలి. కొత్త చట్టం 173 సెక్షన్‌లో ఆ మాట ఉంది, బాధితులకి కూడా ఇవ్వాలని అందులో చేర్చారు. మా దగ్గర ఈ చావు కేసులకీ అదే ఎఫ్‌ఐఆర్ ఫారం వాడతారు. "నాకేమీ ఇవ్వలేదే" అన్నాడతను మొదట. తర్వాత అతని భార్య బియ్యం కార్డు, పాసుపుస్తకం పెట్టుకునే కవరు తెచ్చి విప్పితే అందులోనే నాలుగు మడతలు పెట్టి ఉంది. చావు ఇంట్లో ఎవరు ఏ కాగితం చేతిలో పెట్టారో ఎవరికి గుర్తుంటుంది! ఇన్నాళ్లూ తిరిగిన మొదటి కాగితం ఇంట్లోనే దొరికింది. దాంతో క్రైమ్ నంబరు, తేదీ, సెక్షన్ అన్నీ చేతికొచ్చాయి. ఏ ఆఫీసుకి పోయినా ముందు అడిగేవి అవే.

స్టేషన్‌లో ఎస్సై గారు లేరు, బందోబస్తుకి పోయారట. స్టేషన్ రికార్డులు రాసే రైటర్ ఉన్నారు. నేను రెండు కాపీలు రాసుకుని పోయాను. ఫలానా క్రైమ్ నంబరు, ఫలానా తేదీ, చనిపోయినాయన భార్యని, బీమా కోసం పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, తుది రిపోర్టు నకళ్లు ఇప్పించండి, అంతే. కథంతా రాయకూడదు, రాస్తే ఎవరూ చదవరు. ఒకటి వాళ్లకిచ్చి రెండోదాని మీద స్టాంపు, తేదీ, సంతకం అడిగాను. ఆయన కాసేపు విసుక్కున్నా వేశారు. వేయకపోతే అదే అర్జీ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. నోటితో అడిగింది ఎక్కడా నమోదు కాదు, రేపు కొత్త మనిషి ఆ కుర్చీలోకి వస్తే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. పంచనామా నకలు ఒక గంట కూర్చోబెట్టి ఇచ్చారు. తుది రిపోర్టు ఇంకా పోలేదట, డాక్టరు గారు అవయవాల ముక్కలు ల్యాబ్‌కి పంపి, ఆ ఫలితం వచ్చాక మరణ కారణం రాస్తానని ఆపి ఉంచారట. ఇదీ పిన్నికి ఈరోజు దాకా తెలియదు. పైకి పోయిందని చెప్పిన ఫైలు నిజానికి ల్యాబ్ కాగితం కోసం బీరువాలోనే ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది బ్యాంకు కౌంటర్‌లో ఎవరూ చెప్పరు. ఆ బీమా పథకం ప్రశ్నోత్తరాల్లోనే రోడ్డు ప్రమాదాలు, నీళ్లలో మునగటం, నేరాల లాంటివాటికి పోలీసు రిపోర్టు ఉండాలనీ, పాముకాటు, చెట్టు మీంచి పడటం లాంటివాటికి వెంటనే చూపించిన ఆస్పత్రి రికార్డు ఆధారంగా ఉండాలనీ రాసి ఉంది. బాబాయిని ఆ రాత్రే ఏరియా ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడ కేస్ షీటు ఉంటుంది. కాబట్టి ల్యాబ్ కోసం కాళ్లు బారజాపుకుని కూర్చోనక్కర్లేదు, ఆస్పత్రి సూపరింటెండెంటు గారికి అర్జీ పెట్టి కేస్ షీటు, పోస్టుమార్టం రిపోర్టు నకళ్లు కూడా తీసుకుని ఉన్నవాటితో క్లెయిమ్ వేసేయాలి.

బస్టాండులో మా వీధి కుర్రాడు కలిశాడు, కానిస్టేబుల్ సెలక్షన్ అయిన అబ్బాయి. మూడేళ్ల క్రితం కాలువ గట్టు దగ్గర గొడవలో వీడి పేరు కూడా పెట్టారు, తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. ఇప్పుడు వెరిఫికేషన్ ఫారంలో కేసులేమైనా ఉన్నాయా అని అడిగారట. "కొట్టేసిన కేసే కదన్నా, రాయకపోతే ఏమవుద్ది" అన్నాడు. రాయకపోతే వచ్చిన ఉద్యోగం కూడా పోవచ్చు నాయనా, కేసు ఉండటం కంటే దాచిపెట్టటమే పెద్ద తప్పుగా చూస్తారు, ఉన్నదున్నట్టు రాసి ఆర్డరు నకలు జత చెయ్ అన్నాను. పిన్నిని ఇంటి బస్సు ఎక్కించి వాడితో కోర్టుకి పోయాను.

వాడి దగ్గర స్టేషన్ వాళ్లు వేసిన క్రైమ్ నంబరే ఉంది. కోర్టులో అడిగేది వాళ్లు కేసుకి వేసుకునే సి.సి. నంబరు, రెండూ వేరు. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఎవరో గుమస్తాకి ఐదొందలు ఇచ్చి కనుక్కుంటారు. ఫోన్‌లో ఈకోర్ట్స్ యాప్ తెరిచి, జిల్లా, కోర్టు ఎంచుకుని, ఎఫ్‌ఐఆర్ నంబరుతో వెతికే చోట స్టేషన్ పేరు, నంబరు, సంవత్సరం కొడితే కేసు వచ్చేసింది, దాంతో పాటు 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరు కూడా. అది రాసి పెట్టుకుంటే ఇక జన్మలో ఆ కేసు తప్పిపోదు. యాప్‌లో కనిపించే ఆర్డరు చదువుకోవడానికి పనికొస్తుంది, ఉద్యోగం వాళ్లకి మాత్రం కోర్టు సీలు వేసిన సర్టిఫైడ్ కాపీ కావాలి.

కాపీ అప్లికేషన్ పార్టీ సొంతంగా వేసుకోవచ్చు, లాయరు ఉండి తీరాలని లేదు. కేసుతో సంబంధం లేని మూడో మనిషి అయితే ఎందుకు కావాలో అఫిడవిట్‌తో పిటిషన్ వేసి కోర్టు అనుమతి తీసుకోవాలి. అప్లికేషన్ వేసి ఇంటికి పోయి పడుకుంటే మాత్రం పని కాదు. ఎన్ని పేజీలో లెక్క చూసి స్టాంపులు ఎంత కట్టాలో నోటీసు బోర్డు మీద పెడతారు, గడువులోగా కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదలు. మా ఊళ్లో సగం మందికి కాపీ రాకపోవడానికి కారణం ఆ బోర్డు చూసే మనిషి లేకపోవడమే. కాపీ వెనకాల అప్లికేషన్ ఎప్పుడు వేశారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు తయారైంది, ఎప్పుడు ఇచ్చారు అని తేదీలన్నీ వేస్తారు. అప్పీలుకి పోయేవాళ్లకి అవి ప్రాణం, ఎందుకంటే కాపీ కోసం పట్టిన రోజులు అప్పీలు గడువులోంచి తీసేస్తారు.

తిరుగు బస్సులో ఆ అబ్బాయి సమాచార హక్కు కింద అడిగితే తొందరగా రాదా అన్నాడు. కోర్టు ఫైళ్లకి అది పనిచేయదు, కోర్టు నియమాల ప్రకారం కాపీ అప్లికేషనే వేయాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చింది. పోలీసుల దగ్గర పనిచేస్తుంది, అయితే దర్యాప్తుకి అడ్డం వస్తుందని 8వ సెక్షన్ చూపించి నిరాకరించే వీలు వాళ్లకుంది. దర్యాప్తు నడుస్తోందని ఒక్క మాట రాస్తే చాలదు, ఎలా అడ్డం వస్తుందో చెప్పాలి, చెప్పకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు. సమాచార హక్కు అర్జీకి మా రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. ఇక ఎఫ్‌ఐఆర్‌ల విషయానికొస్తే 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, నెట్‌వర్క్ సరిగా లేని చోట 72 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. లైంగిక నేరాలు, పిల్లల మీద నేరాల లాంటివి అందులో పెట్టరు, పెట్టకూడదు కూడా. ఆ తీర్పులో మాలాంటి ఊళ్ల సిగ్నల్ గురించి కూడా ఆలోచించారంటే నాకు సంతోషమే, కానీ వెబ్‌సైట్ ఉందని పిన్నికి ఎవరు చెప్తారు? స్టేషన్ గోడ మీద ఏ నకలు ఎక్కడ దొరుకుతుందో పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక బోర్డు పెడితే ఎంత ఖర్చవుతుంది? ఈ సంగతి మండల న్యాయసేవా కమిటీకి రాసి ఇవ్వాలనుకుంటున్నాను. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందనీ, 15100కి ఫోన్ చేయవచ్చనీ కూడా అదే బోర్డు మీద ఉండాలి.

రాత్రి అన్నం తిన్నాక పిన్ని ఇంటికి పోయి కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పాను. ఎఫ్‌ఐఆర్, పంచనామా చేతిలో ఉన్నాయి, స్టాంపు వేసిన అర్జీ ఉంది. అన్నీ మూడేసి జిరాక్సులు తీసి అసలువి వేరే కవర్లో పెట్టమన్నాను, బ్యాంకులో ఏది ఇచ్చినా ముట్టినట్టు సంతకం అడగమన్నాను. ఆస్పత్రికి ఇవ్వాల్సిన అర్జీ అక్కడే కూర్చుని రాశాను. సూపరింటెండెంటు గారు పొద్దున పదింటికి వస్తారట, మొదటి బస్సుకి పోవాలి.