ఎప్పుడో ఓసారి పనికి ఎంత వైస్ కావాలి?
మావాడి 4.5 ఎం.ఎం. ఎయిర్ రైఫిల్‌కి గురి చూసే సైట్ బిగించాలన్నా, బ్యారెల్ (గొట్టం) తుడవాలన్నా పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాల్సి వస్తోందని బెజవాడ ఆటోనగర్‌లో వైస్, అంటే వస్తువుని రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే పనిముట్టు, చూడ్డానికి వెళ్లా. బ్యారెల్ కోసమే చేసే ఇంపోర్టెడ్ వైస్ ధర చూస్తే కళ్లు తిరిగాయి, అయినా అది బ్యారెల్ విప్పేవాళ్లకి గానీ మనకెందుకు? నాలుగంగుళాల పోత ఇనుము బెంచ్ వైస్ చాలు. షాపాయన దవడలు రెండూ దగ్గరికి తెచ్చి వెలుతురుకి పెట్టి చూపించాడు, ఎక్కడా సందు లేదు. నేను కొన్నది అది చూసే, పెయింట్ చూసి కాదు. దవడలకు గళ్లుంటాయి కదా, నేరుగా బిగిస్తే గొట్టం మీద గాట్లు పడతాయి, అందుకే రెండు టేకు చెక్కలకి గుండ్రంగా గాడి తీయించి లోపల తోలు అంటించా. రైఫిల్ లోపల పెల్లెట్ (గుండు) లేదని చూసుకున్నాకే బిగించాలి, అదీ కదలకుండా ఉండేంత వరకే. హ్యాండిల్‌కి పైపు తగిలించి తిప్పే పహిల్వాన్లు మా వైస్‌కి కాస్త దూరంగా ఉండండి బాబూ.