చెప్పు ముక్క మింగిన బుడ్డోడు: కుట్లు విప్పేదాకా

1వ రోజు. మా పెంపుడు ఫెర్రెట్ (ముంగిసలా పొడుగ్గా ఉండే చిన్న జంతువు) బుడ్డోడి చిన్నపేగులో అడ్డంపడ్డ రబ్బరు ముక్కని ఆపరేషన్ చేసి తీశారు. నా చెప్పు అడుగుదే, గోరంత ఉంది. ఫెర్రెట్లకి రబ్బరంటే ఎందుకంత మోజో! ఇంటికొచ్చేసరికి బుడ్డోడి బరువు 1,140 గ్రాములు, జబ్బు పడకముందు 1,260.

పంజరంలో ఉయ్యాల, నిచ్చెన, పై అంతస్తు పీకేశాను. గోళ్ళు చిక్కుకోకుండా టవల్ బదులు పాత టీషర్టులు పరిచాను. కుట్లకి దుమ్ము అంటకుండా లిట్టర్ (మలమూత్రాల కోసం పోసే గుళికలు) తీసేసి న్యూస్‌పేపర్ వేశాను. మత్తులో ఒళ్ళు చల్లబడుతుంది కాబట్టి గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా పెట్టాను, అదీ ఒక మూలకే. వేడెక్కువైతే జరగడానికి చోటుండాలి.

2వ రోజు. తిండితోనే సరిపోయింది. మూడు నాలుగు గంటల్లో తిన్నదంతా బయటికి వచ్చేసే జంతువు, ఎక్కువసేపు పస్తు పెట్టకూడదు. అందుకే రాత్రి కూడా నాలుగు గంటలకోసారి అలారం. మాంసం పేస్టుని గోరువెచ్చగా పలచన చేసి, సిరంజితో నోటి పక్కనుంచి కొద్దికొద్దిగా పట్టాలి. నేరుగా గొంతులోకి కొడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మొదటి సిరంజి మొత్తం నా చొక్కా మీద ఉమ్మేశాడు. తర్వాత ముందుకాలికి కాస్త పూశాను. చిరాగ్గా నాకాడు, ఆగాడు, మళ్ళీ నాకాడు. ఆ తర్వాత నా వేలు వదల్లేదు.

3వ రోజు. పొద్దున పేపరు మీద తారులా నల్లటి విరేచనం. ఫొటో తీసి వెంటనే డాక్టరుకి పంపాను. కడుపులో పుండు అయి ఉండొచ్చని నొప్పికి ఇస్తున్న మెలాక్సికామ్ ఆపించి, వేరే మందు రాశారు. తిండికి ముందు పుండుకి సుక్రాల్ఫేట్ అనే మందు కూడా. నొప్పి ఉందని మనం వాడే ఐబుప్రొఫెన్ మాత్రం ఎవరూ వెయ్యకండి, వీటికది విషం.

4, 5. మలం రంగు తేరుకుంది. నిద్రే నిద్ర.

6వ రోజు. ఇప్పుడు మొదలైంది అసలు గొడవ! వీపు విల్లులా వంచి, డుక్ డుక్ మంటూ పక్కకి గెంతాడు. నాకు సంతోషం, కుట్ల గురించి గుండెదడ. కుట్లు కొరక్కుండా మెడకి కాలర్ వేశాను. మెడ తలంత లావు కదా, రెండు నిమిషాల్లో ఊడిపోయింది. సాక్సు కత్తిరించి చొక్కాలా తొడిగితే దాన్నే కొరకబోయాడు. మింగడానికి ఇంకోటి నేనే అందించినట్టయింది, తీసేశాను. ఇక మెలకువగా ఉన్నంతసేపూ కాపలా. రోజుకి రెండుసార్లు కుట్టు చూడటం: ఎరుపు, వాపు, తడి ఉన్నాయా అని.

12వ రోజు. కుట్లు విప్పారు. 1,215 గ్రాములు. ఉయ్యాలని జానెడు ఎత్తులో మళ్ళీ కట్టాను. గదిలోకి వదిలితే నేరుగా చెప్పుల స్టాండు దగ్గరికే పరుగెత్తాడు. ఖాళీ స్టాండుని వాసన చూసి, నా వైపు తిరిగి చూశాడు.