కణం దేన్ని తనదనుకుంటుంది?

అమెరికాలో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగంలో) నా పనంతా ఆర్ఎన్ఏతోనే, అంటే జన్యు సమాచారాన్ని మోసే అణువుతోనే. ల్యాబ్‌లో తయారుచేసిన ఆర్ఎన్ఏను చొరబాటుదారులను కనిపెట్టే రోగనిరోధక కణాలైన డెండ్రిటిక్ కణాలకిచ్చి, మర్నాడు ఎలైజా (కణాలు వదిలిన ప్రోటీన్లను రంగుతో కొలిచే పరీక్ష) ప్లేటులో రంగు చూస్తాం. పసుపు చిక్కగా తేలిందంటే కణాలు దాన్ని వైరస్ అనుకుని టీఎన్ఎఫ్ లాంటి, వాపు పుట్టించే సంకేతాలు వదిలాయన్నమాట. ఆర్ఎన్ఏ నాలుగు అక్షరాల్లో ఒకటైన యూరిడిన్ బదులు దాని మారు రూపం సూడోయూరిడిన్ పెట్టి చేసిందైతే రంగు బాగా తగ్గుతుంది. అక్షరాల వరస అదే. అందులోని యురాసిల్ అనే భాగం చక్కెరకు నైట్రోజన్ దగ్గర కాకుండా కార్బన్ దగ్గర అతుక్కుంటుంది, అంతే తేడా. ఎన్నిసార్లు చూసినా నాకిది అబ్బురమే.

ల్యాబ్ మీటింగులో మాత్రం ముందుగా వచ్చేది మెచ్చుకోలు కాదు, ప్రశ్న: "డబుల్ స్ట్రాండెడ్ ఆర్ఎన్ఏ పూర్తిగా తీసేశావా?" ఆర్ఎన్ఏ తయారీలో కొంత రెండు పోగులుగా జతకడుతుంది, అదీ కణాలను రెచ్చగొడుతుంది. రంగు దేనివల్ల వచ్చిందో తేలాలంటే శుద్ధి చేసి మొదటికి రావాలి. గ్రాంటు ఆగితే ఉద్యోగం, దాని వెనకే వీసా పోయే మాలాంటివాళ్లకి మొదటికి రావడం తేలిక కాదు. అయినా ఆ ప్రశ్న అడగాల్సిందే.

అలాంటప్పుడు జీవరసాయన శాస్త్రవేత్త కాటలిన్ కారికో గుర్తొస్తారు. 1985లో హంగరీ నుంచి భర్తతో, చిన్న కూతురితో ఇక్కడికొచ్చారు. ఎంఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీ సూచనలు మోసే ఆర్ఎన్ఏ) పరిశోధనకు గ్రాంట్లు రాలేదు. 1995లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆమె హోదా తగ్గించారు. అక్కడే రోగనిరోధక శాస్త్రవేత్త డ్రూ వైస్‌మన్‌తో కలిసి 2005లో ప్రచురించిన పేపర్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది ఒక పోలిక. బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ, మైటోకాండ్రియా ఆర్ఎన్ఏ డెండ్రిటిక్ కణాలను గట్టిగా రెచ్చగొట్టాయి. రసాయన మార్పులు దండిగా ఉన్న క్షీరదాల మొత్తం ఆర్ఎన్ఏ రెచ్చగొట్టలేదు. టీఎల్ఆర్7, టీఎల్ఆర్8 లాంటి, పరాయి ఆర్ఎన్ఏను గుర్తించే గ్రాహకాలు ఆ మార్పులను బట్టే తేడా పసిగడుతున్నాయని అర్థమైంది. ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాల్లో సూడోయూరిడిన్‌కే మరో రూపమైన ఎన్1-మిథైల్‌సూడోయూరిడిన్ వాడింది అందుకే. 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇప్పుడు నన్ను పట్టుకున్నది దీని రెండో వైపు. మన కణాల్లోనూ రెండు పోగుల ఆర్ఎన్ఏ పుడుతుంది. ఏడీఏఆర్1 అనే ఎంజైమ్ అందులో కొన్ని అడినోసిన్లను ఇనోసిన్లుగా మారుస్తుంది. అది సరిగా పనిచేయకపోతే రెండు పోగుల ఆర్ఎన్ఏను పసిగట్టే ఎండీఏ5 అనే ప్రోటీన్ మన ఆర్ఎన్ఏనే వైరస్‌దిగా పొరబడి ఇంటర్‌ఫెరాన్ అనే, వైరస్ వచ్చిందని హెచ్చరించే సంకేతం పుట్టిస్తుంది. ఐకార్డి-గూటియేర్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు వ్యాధిలో పసిపిల్లల మెదడు దెబ్బతినడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అదే ఎంజైమ్‌ను క్యాన్సర్ కణాల్లో ఆపితే, ఎలుకల్లో కణితి ఇమ్యునోథెరపీకి (రోగనిరోధక శక్తినే కణితిపైకి ఉసిగొల్పే చికిత్సకు) లొంగింది. మిగతా కణాలకు హాని లేకుండా కణితిలో మాత్రమే దాన్ని ఆపడమెలా అన్నదే మా తర్వాతి ప్రయోగం.