వేలి క్లిప్పు

"అమ్మా, ఆ క్లిప్పు పేషంటుకి పెట్టేది. మీకు కాదు."

2021 మే నెలలో ఒక రాత్రి మా కోవిడ్ వార్డు ఆయమ్మ నాతో అన్న మాట ఇది. అప్పటికి పద్నాలుగేళ్ళుగా స్టాఫ్ నర్సుని. పసిపిల్లల నరానికి కాన్యులా సూది పెట్టాలంటే పక్క వార్డు వాళ్ళు కూడా నన్నే పిలిచేవారు. అలాంటిదాన్ని తెల్లవారుజామున మూడింటికి కిట్టు విప్పే డాఫింగ్ గది బయట బెంచీ మీద కూర్చుని, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటర్‌ని చూపుడు వేలికి పెట్టుకుని, 98 చూసి తీసేసి, నమ్మకం చాలక మళ్ళీ మధ్యవేలికి పెట్టుకుంటున్నాను. ఆమె ఎంతసేపటి నుంచి చూస్తోందో ఏమో.

మొదట్లో నాకంత భయం లేదు. 2020 ఏప్రిల్‌లో మొదటి డ్యూటీ పడ్డప్పుడు అందరిలాగే జంకాను, అంతే. ఒళ్ళంతా కప్పే పీపీఈ కిట్టులో ఆరు గంటలు. నీళ్ళు తాగకూడదు, బాత్రూముకి వెళ్ళకూడదు. గాగుల్స్‌కి ఆవిరి పడితే నరం కనపడేది కాదు. రెండు జతల గ్లౌజుల మీంచే వేలితో తడుముకుని సూది పెట్టేదాన్ని. అదంతా పనిలో కష్టం. దానికి ఒళ్ళు అలవాటు పడిపోయింది.

అలవాటు పడనిది కిట్టు విప్పడం. వేసుకోవడం తేలిక. విప్పేటప్పుడు పైగ్లౌజులు తీశాక చేతులు రుద్దుకోవాలి, గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టాలి, మళ్ళీ రుద్దుకోవాలి, గాగుల్స్ వెనక నుంచి తియ్యాలి, మాస్కు ఆఖర్న. వరస తప్పకపోయినా ఇంటికొచ్చాక అనుమానం మొదలయ్యేది. గౌను తీసేటప్పుడు గడ్డానికి తగిలిందా? తగిలినట్టే ఉంది. పక్కలో పడుకుని ఆ పది నిమిషాల పనినీ మనసులో మళ్ళీ మొదట్నుంచీ చేసేదాన్ని. అప్పట్లో మాలాంటివాళ్ళకి ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చేవారు, మొదటి రోజు రెండు పూటలా 400 మిల్లీగ్రాములు, తర్వాత వారానికోసారి. గుండె దడ వస్తే ఆ మాత్ర వల్లేననుకున్నాను. ఈసీజీ తీయించుకుంటే బాగానే ఉంది. దడ మాత్రం పోలేదు.

ఇంటి సంగతి అందరికీ తెలిసిందే. పెరట్లో స్నానం, విడిగా కంచం, కిటికీ అవతల పాప. పక్కింటావిడ కరివేపాకు అడగడం మానేసింది. అంతకుముందు వారానికి రెండుసార్లు వచ్చేది.

ఆగస్టులో రాష్ట్రంలో రోజుకి పదివేల కేసులు వస్తున్నప్పుడు నాకూ పాజిటివ్ వచ్చింది. నాలుగు రోజుల జ్వరం, వాసన పోవడం, అంతే. ఐదో రోజున మా అత్తయ్యకి వచ్చింది. ఆవిడకి షుగరుంది. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చారు. నీవల్లే వచ్చిందని ఎవరైనా అని ఉంటే పోట్లాడేదాన్ని. ఎవరూ అనలేదు. అత్తయ్య అయితే "ఏమ్మా, నువ్వేమైనా తిన్నావా?" అనే అడిగేవారు. ఆ మాట వింటే నాకు అన్నం దిగేది కాదు.

ఆక్సీమీటర్ కొన్నది ఆవిడ కోసమే. ఆవిడ కోలుకున్నారు, అది నా పర్సులోకి చేరింది.

2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. మొదటి విడతలోనే వేయించుకున్నాను, ఫిబ్రవరిలో రెండోది. ఇక గట్టెక్కాం అనుకుని గోదావరి పక్కనున్న పుట్టింటికి వెళ్ళి వారం రోజులు ఉన్నాను కూడా. ఏప్రిల్ వచ్చేసరికి వార్డులో మంచాలు చాలలేదు.

ఆ నెలన్నర గురించి ఎక్కువ రాయను. ఒక్కాయన గురించి చెబుతాను. రిటైరైన లెక్కల మాస్టారు. బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ శాచురేషన్ 88 నుంచి 93కి వచ్చేది. వెల్లకిలా తిరిగితే పడిపోయేది. మానిటర్ మీద అంకె ఆయనకి కనపడదు కాబట్టి గంటకోసారి నన్నడిగేవారు. "ఎంతమ్మా?" నేను చెప్పేదాన్ని. "ఫస్టు క్లాసే" అనేవారు. మూడో రోజు రాత్రి నేను డ్యూటీకి వెళ్ళేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నారు. ఆ రాత్రి కిట్టు వేసుకుంటుంటే ఊపిరి ఆడలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి, పెదాలు మొద్దుబారాయి, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. చచ్చిపోతున్నానని ఖాయం చేసుకున్నాను. క్లిప్పు పెట్టుకుంటే 99.

అప్పటి నుంచి లెక్కే లేదు. నిద్రలో లేచి చూసుకోవడం, బస్సులో చూసుకోవడం, వంట చేస్తూ స్టవ్వు తగ్గించి చూసుకోవడం. చేతులు చల్లగా ఉంటే అంకె తక్కువ చూపిస్తుందని పేషంట్లకి చెప్పేదాన్ని నేనే. నాకు 95 కనపడితే మాత్రం అది చలి వల్లేనని తోచేది కాదు.

ఆయమ్మ అన్నాక కూడా పది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఒకసారి మా పైఆవిడతో నిద్ర పట్టడం లేదని అంటే, "ఎవరికి పడుతోందమ్మా?" అన్నారు. తప్పు పట్టను, ఆవిడా నిద్రపోలేదు. అసలు భయం వేరు. మా ఆసుపత్రిలోనే సైకియాట్రీ ఓపీ ఉంది. అక్కడ చీటీ మీద నా పేరు పడితే మధ్యాహ్నానికల్లా క్యాంటీనులో తెలిసిపోతుంది. అందుకని మా ఆయనకొక్కరికే చెప్పి, పక్క ఊళ్ళో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. మాస్కు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరు కదా, ఆ రోజు దాని రుణం తీర్చుకోలేననిపించింది.

ఆయన ముందు ఒక కాగితం ఇచ్చారు. గడిచిన రెండు వారాల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. జీఏడీ-7 అంటారు. ఏదో ఘోరం జరగబోతోందన్న భయం ఎన్ని రోజులు ఉంది అనేది ఆఖరి ప్రశ్న. అక్కడ పెన్ను ఆగిపోయింది. ఘోరం జరుగుతూనే ఉంది కదా, దాన్ని భయమనాలా, వార్త అనాలా? 21కి 17 వచ్చింది. 15, ఆపైన వస్తే తీవ్రమైన ఆందోళన కింద లెక్క. లెక్కల మాస్టారు గుర్తొచ్చారు.

డాక్టరుగారు నాకు తెలియనిదేమీ చెప్పలేదు, కానీ నా గురించే చెబుతుంటే కొత్తగా వినపడింది. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. తిమ్మిర్లు, తల తేలిపోవడం, ఛాతీ బిగుసుకోవడం దాని వల్లే. ఆక్సిజన్ మాత్రం తగ్గదు. "మీ మీటరు నిజమే చెబుతోంది, ఊపిరి ఆడటం లేదన్న బాధా నిజమే" అన్నారు. ఆ రెండూ ఒక్కసారే నిజం కావచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు.

నాలాంటివాళ్ళు ఎంతమందో కూడా ఆయనే చెప్పారు. 2020 మొదట్లో చైనాలో 34 ఆసుపత్రుల నుంచి 1,257 మంది డాక్టర్లనీ నర్సుల్నీ అడిగితే, సగం మందికి డిప్రెషన్ లక్షణాలు, నూటికి 44 మందికి పైగా ఆందోళన, 34 మందికి నిద్రలేమి కనపడ్డాయట. డాక్టర్ల కంటే నర్సులకీ, మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకీ ఎక్కువ. అదేం ఓదార్పు అనుకున్నాను గానీ, బస్సెక్కేసరికి కాస్త తేలికపడిన మాట నిజం.

ఆందోళన తగ్గడానికి ఇచ్చిన మందు ఎస్సిటాలోప్రామ్, మొదట 5, తర్వాత 10 మిల్లీగ్రాములు. మొదటి వారం వికారం, దడ ఇంకా పెరిగాయి. అలా ఉంటుందని ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే రెండో రోజే ఆపేసేదాన్ని. మూడో వారంలో ఒక రాత్రి పదకొండింటికి పడుకుని ఐదింటికి లేచాను. మధ్యలో లేవలేదని పొద్దున కాఫీ కలుపుతుంటే తెలిసింది.

క్లిప్పు మాన్పించడానికి మాత్రం మాత్ర చాలలేదు. దాన్ని పారేయమని ఆయన అనలేదు. ఎప్పుడెప్పుడు చూడాలనిపించిందో రాయమన్నారు, అనిపించగానే చూడకుండా పదిహేను నిమిషాలు ఆగమన్నారు. వార్డులో జ్వరం, నాడి రాసే చార్టు కాగితం ఒకటి తెచ్చుకుని దాని మీదే గీశాను. పేషంటు పేరు దగ్గర నా పేరు. పైన గంటలు, కింద చూడాలనిపిస్తే చుక్క, చూస్తే ఇంటూ. మొదటి రోజు 43 చుక్కలు, 31 ఇంటూలు. పదిహేను నిమిషాలు ఆగితే సగం సార్లు ఆ కోరికే పోయేది. రెండో వారానికి ఇంటూలు పన్నెండు. నాలుగో వారంలో ఒక రోజు మూడు చుక్కలే ఉన్నాయి, ఇంటూ లేదు. చిన్నప్పుడు స్లేటు చూపించినట్టు దాన్ని మా ఆయనకి చూపించాను.

వార్డులో ఏది పనికొచ్చిందో కూడా చెప్పాలి. ఆన్‌లైన్‌లో మాకొక ఒత్తిడి నివారణ ఉపన్యాసం పెట్టారు, సరిగ్గా నైట్ డ్యూటీ దిగి పడుకునే వేళకి. పువ్వుని ఊహించుకోమన్నారు. నిజంగా పనికొచ్చినవి రెండే. ఒకటి, ఎవరి డ్యూటీ ఎప్పుడో రాసే రోస్టరు వారం ముందు గోడ మీద అంటించడం. అంతకుముందు రాత్రి పదింటికి ఫోను మోగేది, పొద్దున కోవిడ్ డ్యూటీ అని. రెండోది, కిట్టు విప్పేటప్పుడు ఒకరి ఎదురుగా ఒకరు నిలబడటం. నా గడ్డానికి ఏదీ తగల్లేదని ఇంకొకరి నోటితో వింటే ఇంటి దగ్గర ఆ పది నిమిషాల పనిని మళ్ళీ చెయ్యక్కర్లేకపోయింది. 2003లో కెనడాలోని టొరంటోలో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటురోగం వచ్చినప్పుడు ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్ళని ఏడాది రెండేళ్ళ తర్వాత చూస్తే, ఇంకా ఆ అలసటతో ఉన్నారట. తగిన శిక్షణ, అండ దొరికాయనుకున్నవాళ్ళు కాస్త నయంగా ఉన్నారట. తర్వాత ఎప్పుడో ఇది చదివి, మా గోడ మీద రోస్టరు తల్చుకున్నాను.

ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. 2021 డిసెంబరులో బాగానే ఉన్నాను కదా అని మాత్ర నాకు నేనే ఆపేశాను. మూడో రోజు నుంచి తల తిప్పితే కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమనేది. పేషంట్లు ఇలాగే చేస్తే కేకలేసేదాన్ని! మళ్ళీ మొదలుపెట్టి, 2022లో డాక్టరుగారు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ మానేశాను.

ఆ అక్టోబరులోనే టెలి-మానస్ వచ్చింది, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం. 14416కి ఏ వేళ చేసినా డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. చీటీ మీద పేరు పడుతుందని నాలాగా జంకే పిల్లలకి ఆ నంబరు ఇస్తుంటాను. మా ఆయమ్మ అయితే నంబరు ఇవ్వదు, నేరుగా నా దగ్గరికే తీసుకొస్తుంది.

2023 డిసెంబరులో జేఎన్.1 అనే కొత్త రకం కోవిడ్ అని టీవీలో మొదలైంది. మా దగ్గర మళ్ళీ ఐసోలేషను మంచాలు వేశారు, గోడ మీద రోస్టరులో నా పేరు రెండో వరుసలో ఉంది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రాత్రి లేచి, బీరువా సొరుగులో క్లిప్పు కోసం వెతికాను. దొరికింది. నొక్కితే వెలగలేదు. లోపల బ్యాటరీలు లేవు. ఎప్పుడు తీశారో గానీ, ఆ రెండు సన్న బ్యాటరీలూ మా అత్తయ్య టీవీ రిమోట్‌లో ఉన్నాయి. పొద్దున్నే ఆవిడ ఆ రిమోట్‌తో భక్తి ఛానలు పెట్టుకున్నారు. నేను డబ్బా సర్దుకుని డ్యూటీకి వెళ్ళాను.