బంగారం దొరికిన తేదీ రాసుకున్న సిపాయి

జూన్‌లో ఒక శనివారం చీకటితోనే బే ఏరియా నుంచి, కాలిఫోర్నియాలో బంగారం దొరికిన ఊరు కొలోమాకి బయల్దేరాం. నేను, మావారు, మా ఆఫీసులో పనిచేసే యూటా పెద్దాయన. ఆయన తాతకు ముత్తాత, మార్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ల సైనిక దళం మార్మన్ బెటాలియన్‌లో సిపాయి. "మావాళ్లాయన ఒక్క ముక్కా రాసిపెట్టలేదు. అందుకే తోటి సిపాయి బిగ్లర్ డైరీలో ఆయన్ని వెతుక్కుంటుంటాను" అన్నారు కారెక్కుతూనే.

శాక్రమెంటో దాటాక ఎండుగడ్డి కొండలు, ఓక్ చెట్లు. 49వ నంబరు రోడ్డు మీదుగా కిందికి దిగితే అమెరికన్ నది. అక్కడ పాత రంపపు మిల్లు నమూనా, మార్మన్ కూలీలు ఉన్న చెక్కింటి నమూనా కట్టి ఉంచారు. మేం ఆ చెక్కిల్లు దగ్గరే గంటసేపు ఉండిపోయాం.

హెన్రీ బిగ్లర్ ఆ మిల్లు పనివాళ్లలో ఒకడు. 1848 జనవరి 24, సోమవారం నాడు డైరీలో రాసుకున్నాడు: మిల్లు కాలువలో బంగారంలా కనిపించే ఏదో లోహం దొరికింది, మొదట చూసినవాడు మిల్లు పెద్ద మార్షల్ అని. బంగారం అన్న మాటకి స్పెల్లింగ్ తప్పు. అయితేనేం, మార్షల్‌కే తర్వాత తేదీ సరిగా గుర్తు లేదు. లోకానికి ఆ రోజు నిలిచింది ఈ సిపాయి రాతతోనే.

అక్కడికి అతను వచ్చిన దారే నన్ను ఎక్కువ కదిలించింది. 1846లో ఇల్లినాయ్‌లోని నావూ ఊరు వదలక తప్పక మార్మన్లు పడమటికి బళ్లు కట్టారు. చేతిలో డబ్బు లేదు. అప్పుడే మెక్సికోతో యుద్ధానికి ప్రభుత్వం మనుషుల్ని అడిగింది. తమను ఆదుకోని ప్రభుత్వానికి తుపాకి పట్టడానికి చాలామందికి మనసొప్పలేదు. వాళ్ల మతపెద్ద బ్రిగమ్ యంగ్ నచ్చజెప్పాక సుమారు 500 మంది చేరారు. అదే మార్మన్ బెటాలియన్. బట్టలకని మనిషికి ఇచ్చిన 42 డాలర్లలో చాలామటుకు వెనకున్న తమవాళ్లకి పంపేసి, ఒంటిమీది బట్టలతోనే నడిచారు. కౌన్సిల్ బ్లఫ్స్ నుంచి శాన్ డియేగో దాకా దాదాపు 2,000 మైళ్లు! బళ్లు పట్టని ఇరుకు కనుమని చేతులతో చెక్కి దారి చేసుకున్నారు. శత్రువుతో యుద్ధమే జరగలేదు, దారిలో తలపడింది అడవి ఎద్దులతో. 1847 జనవరి 29న చేరాక బిగ్లర్ ఉన్న బి కంపెనీ శాన్ డియేగోలో బావులు తవ్వింది, ఇటుకలు కాల్చింది. యుద్ధానికొచ్చిన సిపాయిలు ఊరికి నీళ్లిచ్చి వెళ్లారు. నాకిది ఎంత నచ్చిందో చెప్పలేను.

తర్వాత కొలోమా మిల్లు పనిలో ఉండగా, బాతుల వేటకని చెప్పి వెళ్లి, బిగ్లర్ జేబుకత్తితో రాళ్ల సందుల్లో బంగారం గీకి తెచ్చుకున్నాడు. ఐనా 1848 వేసవిలో అతనూ మరో 40 మందికి పైగా బంగారం వదిలేసి, సియెర్రా కొండల్లో కొత్త బండి దారి వేసుకుంటూ సాల్ట్ లేక్‌లోని తమవాళ్ల దగ్గరికి బయల్దేరారు.

మధ్యాహ్నం ఆ దారి వెంటే 88వ నంబరు రోడ్డులో పైకెళ్లాం. దేవదారు చెట్ల నీడలో ట్రాజెడీ స్ప్రింగ్ అనే నీటి ఊట. దారి చూడ్డానికి ముందు వెళ్లిన ముగ్గురు ఇక్కడే చంపబడ్డారు: డేనియల్ బ్రవెట్, ఎజ్రా అలెన్, హెండర్సన్ కాక్స్. తోటివాళ్లే పూడ్చి, రాళ్లు పేర్చారు. పక్కనే అలెన్ బంగారు పొడి సంచి దొరికింది. దాన్ని అతని భార్య శారాకి చేర్చారు. అందులో కొంత బంగారంతో ఆమె ఉంగరం చేయించుకుంది.

పెద్దాయన టోపీ తీసి ఆ మూడు పేర్లూ పైకి చదివారు. తర్వాత, నెమ్మదిగా, తమ సిపాయి పేరు కూడా.