కావిడి మీద ఆరు తీగలు

ఆదివారం. శ్రావణం. తెల్లారినప్పటి నుంచి ముసురు.

కోనసీమలో ఇలాంటి రోజున అప్పడాల డబ్బా మూత మరిచిపోతే పావుగంటలో మెత్తబడి ఊరుకుంటాయి. గిటార్ మెడ కూడా చెక్కే. నిన్న రాత్రి చక్కగా శ్రుతి చేసి పెట్టిన ఫ్లాయిడ్ రోజ్ రకం బ్రిడ్జి ఉన్న గిటార్, ఇవాళ పొద్దున ట్యూనర్ మీద ఆరు తీగలూ తలో రెండు మూడు సెంట్లు జరిగినట్టు చూపించింది. సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు. ఒక్క తీగే జరిగితే ఆ తీగ దగ్గర వెతకాలి. ఆరూ కట్టకట్టుకుని జరిగితే మాత్రం తీగలని తిట్టి లాభం లేదు, బ్రిడ్జి దగ్గరో మెడ దగ్గరో వెతకాలి.

బ్రిడ్జి అంటే బాడీ మీద తీగల కొసలు పట్టి ఉంచే లోహపు ప్లేటు. ఈ గిటార్‌ది బాడీకి బిగించెయ్యకుండా ఊగేలా ఉండే తేలే బ్రిడ్జి. తేలే బ్రిడ్జి అంటే కావిడి. ఒక వైపు తీగలు, ఇంకో వైపు వెనక గూటిలో స్ప్రింగులు, మధ్యలో భుజంలా రెండు స్టడ్లు, అంటే ప్లేటు ఆనే లావు మరలు. 25.5 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడుగు) మీద 9–42 సెట్టుని (సన్న తీగ, లావు తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) మామూలు శ్రుతికి బిగిస్తే ఆరు తీగలూ కలిసి సుమారు 38 కిలోల బలంతో లాగుతాయి. 10–46 అయితే 47 కిలోల దాకా వెళ్తుంది. అంత బరువునీ మూడు స్ప్రింగులు అటు నుంచి ఆపాలి. కావిడిలో ఒక బుట్టలోంచి నాలుగు కొబ్బరికాయలు తీస్తే రెండో బుట్ట కిందికి జారినట్టే, ఇక్కడ ఒక తీగ బిగిస్తే బ్రిడ్జి ముందుకి లేచి మిగతా అయిదూ దిగుతాయి. వాటిని ఎక్కిస్తే మొదటిది దిగుతుంది. కొత్తగా కొన్నవాళ్ళు సగం మంది ఈ చక్రంలోనే తిరిగి తిరిగి గిటార్ అమ్మేస్తారు.

తీగలకి ఎలాగూ తుప్పు చుక్కలు కనపడుతున్నాయి, సముద్రపు గాలి మహిమ. అందుకని ఇవాళ ఆరూ మార్చే పని. గిటార్ తెచ్చిన కుర్రాడు అన్నీ ఒకేసారి కోసెయ్యబోయాడు. అలా చేస్తే స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగేసి, ప్లేటు తోక భాగం బాడీ గుంటలోకి దిగబడిపోతుంది. అంతటితో గిటార్ పాడవదు గానీ కుదిరిన తూకం మొత్తం పోతుంది. ఒక్కో తీగా మార్చుకుంటూ పోతే ఆ బెడద లేదు. మెడ తుడవాలి, బ్రిడ్జి శుభ్రం చెయ్యాలి అనుకుంటే మాత్రం ప్లేటు తోక కింద ఆసరా పెట్టాలి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టేవాళ్ళున్నారు. పాత శుభలేఖలు ఇంకా మంచివి. ఏ ఇంట్లో చూసినా కట్టలు కట్టలుంటాయి, దళసరిగా ఉంటాయి, ఒక్కో ముక్కా చేర్చుతూ మందం సరిచూసుకోవచ్చు. అడుగున పల్చటి గుడ్డ వేస్తే పాలిష్ గీసుకోదు. పక్క నుంచి చూస్తే ప్లేటు బాడీకి సమాంతరంగా కనపడేదాకా ముక్కలు చేర్చాలి.

అన్నిటికన్నా ముందు మెడ చూడాలి. తీగని మొదటి ఫ్రెట్టు (మెడ మీది లోహపు మెట్టు) దగ్గరా చివరి ఫ్రెట్టు దగ్గరా ఒకేసారి నొక్కి పట్టి ఏడో ఎనిమిదో ఫ్రెట్టు మీద తీగకీ ఫ్రెట్టుకీ మధ్య సందు చూస్తారే, అది పాత తీగలుండగానే చూసుకోవడం మేలు. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు, అంటే ఒక విజిటింగ్ కార్డు బిగువుగా దూరేటంత. మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ, ట్రస్ రాడ్, తిప్పితే తీగల బిగువు మారుతుంది, దాంతో బ్రిడ్జి వాలూ మారుతుంది. కాబట్టి మెడ పని ఎప్పుడూ మొదటిదే. బ్రిడ్జి కుదిరాక మెడ ముట్టుకుంటే చేసిందంతా మళ్ళీ చెయ్యాలి.

స్టడ్ల ఎత్తు మార్చాలంటే తీగలు విప్పాకే అదను. తీగలు బిగిసి ఉండగా స్టడ్ తిప్పకూడదు. ప్లేటు ముందు అంచు కత్తిలా పల్చగా ఉండి స్టడ్ గాడిలో ఆనుతుంది. మోస్తున్న బరువుతో దాన్ని రాపాడిస్తే ఆ అంచు మొద్దుబారుతుంది. మొద్దుబారిన అంచుతో బార్ (స్వరాన్ని దించడానికీ ఎక్కించడానికీ బ్రిడ్జికుండే పిడి) నొక్కి వదిలాక బ్రిడ్జి ఒకసారి ఒక చోట ఆగుతుంది, ఇంకోసారి ఇంకో చోట. ఇవాళ గాడిలో రవంత వేజలీన్ పెడితే సరిపోయింది. చుట్టుపక్కల అందరి చేతికీ ముందు తగిలేది కొబ్బరినూనే. అది మాత్రం వద్దు. దుమ్ము పట్టి జిగురవుతుంది, చలికాలం రాత్రుల్లో పేరుకుంటుంది.

తీగ బిగించే పద్ధతి ఈ బ్రిడ్జికి వేరు. గుండు ఉన్న కొస కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించెయ్యాలి. గుండు పక్కన మెలిపెట్టిన లావు భాగం కూడా పోయేలా కొయ్యాలి. ఆ మెలిక శాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో తీగ కొసనీ పట్టే భాగం) లోపల ఇరుక్కుంటే తీగని నొక్కి పట్టే చిన్న దిమ్మ సరిగ్గా పట్టదు, తీగ వారం రోజులు కొంచెం కొంచెం జారుతూనే ఉంటుంది. కోసిన కొసని శాడిల్‌లో దిమ్మకీ గోడకీ మధ్య నిలువుగా దింపి వెనక బోల్టుని 3 మిల్లీమీటర్ల ఎలెన్ కీతో బిగించాలి. కీ పొట్టి కాలు పట్టుకుని రెండు వేళ్ళ బలంతో తిప్పితే చాలు. మణికట్టు బలం పెడితే దిమ్మ నలుగుతుంది, ఒక్కోసారి శాడిలే పగులుతుంది. బిరడకి రెండు మూడు చుట్లు.

ఇక అసలు కిటుకు. శుభలేఖలు తోక కింద ఉండగానే వెనక గూట్లో స్ప్రింగులు తగిలించిన లోహపు పట్టీ, క్లా, దాని రెండు స్క్రూలూ చెరో రెండు చుట్లు లోపలికి బిగించాలి. స్ప్రింగుల బలం కావాలనే ఎక్కువ పెడుతున్నామన్నమాట. అప్పుడు ప్లేటు ఆ ముక్కల మీద గట్టిగా కూర్చుంటుంది, మామూలు స్థిర బ్రిడ్జిలాగే ప్రవర్తిస్తుంది. ఇ, ఎ, డి, జి, బి, ఇ మామూలుగా శ్రుతి చేసుకోవచ్చు, ఒకటి తిప్పితే ఇంకోటి కదలదు. తీగలు వేళ్ళతో పైకి లాగి సాగదీసి, మళ్ళీ శ్రుతి చేసి, ఇక సాగడం లేదనిపించేదాకా నాలుగైదు సార్లు. ఆ తర్వాత క్లా స్క్రూలు వెనక్కి, ఒక్కొక్కటీ పావు చుట్టు చొప్పున వదులుతూ రావాలి. తూకం కుదిరే దాకా శ్రుతి కదలదు. కుదిరిన క్షణాన ఇందాకటి దాకా బిగుసుకుపోయిన శుభలేఖ ముక్క వేలితో లాగగానే జారి వచ్చేస్తుంది. అక్కడ ఆపెయ్యాలి. ఇంకా వదిలితే బ్రిడ్జి ముందుకి లేస్తుంది, ఆరు తీగలూ దిగుతాయి. క్లాకి టంకం పెట్టిన ఎర్త్ వైరు ఉంటుంది, స్క్రూడ్రైవర్ జారి దానికి తగలకుండా చూసుకోవాలి. అది ఊడితే హమ్మింగ్ మొదలవుతుంది.

ఈ దారిలో ఇవాళ ఇరవై నిమిషాలు పట్టింది. ఊరికే బిరడలు తిప్పుతూ కూర్చుంటే పూటంతా పడుతుంది.

ఇంటొనేషన్ గురించి, అంటే మెడ పొడుగునా ఎక్కడ నొక్కినా స్వరం సరిగ్గా పలకడం గురించి, పెద్దగా చెప్పడానికేం లేదు. పన్నెండో ఫ్రెట్టు మీద నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (నొక్కకుండా ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం) కన్నా హెచ్చుగా పలికితే శాడిల్ వెనక్కి, తగ్గితే ముందుకి. తీగ వదులు చేసి, 2.5 మిల్లీమీటర్ల కీతో శాడిల్ స్క్రూ విప్పి జరపాలి. విసుగు పుట్టే పనే, కానీ ఒకే మందం తీగలు వాడినంత కాలం మళ్ళీ మళ్ళీ చెయ్యక్కర్లేదు.

నట్ తాళం, అంటే మెడ పై కొసన తీగలు ఆనే నట్ దగ్గర వాటిని కదలకుండా బిగించడం, అన్నిటికన్నా చివర. దానికి ముందు ఫైన్ ట్యూనర్లు (బ్రిడ్జి మీద శ్రుతి కొద్దికొద్దిగా సవరించే మరలు) ఆరూ సగం దూరంలో పెట్టుకోవాలి, లేకపోతే తాళం వేశాక కావలసిన వైపు తిరగడానికి చోటు ఉండదు. మూడు దిమ్మలు, ఒక్కోటి రెండేసి తీగల మీద. దిమ్మ బిగించగానే శ్రుతి ఎగబాకితే తప్పు నట్ వెనక ఉన్న అడ్డ కడ్డీది. అది తీగల్ని నట్ మీదికి సరిగ్గా నొక్కడం లేదు, దిమ్మ ఆ పని చేస్తూ తీగని లాగుతోంది. కడ్డీ స్క్రూలు కొంచెం దింపితే తీరిపోతుంది.

తర్వాత పరీక్ష. బార్ పూర్తిగా నొక్కి వదిలి జి తీగ చూడాలి. మళ్ళీ పైకి లాగి వదిలి చూడాలి. రెండు సార్లూ ట్యూనర్ ఒకే చోట నిలిస్తే పని అయినట్టే. వేరు వేరు చోట్ల నిలిస్తే నట్ దిమ్మల బిగువు, నట్‌ని మెడకి పట్టి ఉంచే స్క్రూలు, శాడిల్ బోల్టులు, స్టడ్ చెక్కలో కదులుతోందేమో, అన్నీ ఈ వరసలోనే చూసి చివరికి కత్తి అంచు దగ్గరికి రావాలి. మెత్తటి లోహంతో పోత పోసిన చవక ప్లేటు అయితే అంచు ఎలాగూ నిలవదు. వెనక గూట్లో స్ప్రింగులు తగిలించిన బ్రిడ్జి దిమ్మకి అటూ ఇటూ టేకు ముక్కలు దిగ్గొట్టి స్థిరం చేసుకోవడమే నయం. తేలని బ్రిడ్జి అయినా శ్రుతిలో ఉన్నదే మంచి గిటార్.

నట్ తాళం లేని పాత పద్ధతి బ్రిడ్జిలకి, ఫెండర్ 1954లో స్ట్రాటోకాస్టర్‌తో తెచ్చిన రకానికి, జబ్బు వేరే చోట ఉంటుంది. నొక్కి వదిలాక హెచ్చితే, లేదా తీగ వేలితో లాగి వదిలాక దిగితే, తీగ నట్ గాడిలో పట్టేస్తోందని అర్థం. పెన్సిల్ లెడ్ పొడి పెడితే చాలా వరకు కుదురుతుంది. ఫ్లాయిడ్ రోజ్ అనే ఆయన నట్ దగ్గరే తాళం వేసే ఆలోచన చేసింది ఈ రాపిడి వదిలించుకోవడానికే. 1979లో పేటెంటు వచ్చింది. దీన్ని ట్రెమొలో అనడమూ తప్పే. బార్ మార్చేది స్వరాన్ని, ట్రెమొలో అంటే ధ్వని హెచ్చుతగ్గులు. పేరు నిలిచిపోయింది, అంతే.

ఎంత బాగా కుదిర్చినా తీరని సంగతి ఒకటుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించినట్టు దీని మీద తీగ లాగి పలికిద్దామని మన వాళ్ళందరికీ ఉంటుంది. ఒక తీగని లాగితే బ్రిడ్జి కొంచెం ముందుకి వంగుతుంది, పక్కన ఖాళీగా మోగుతున్న షడ్జం తీగ దిగిపోతుంది. గమకం బాగానే ఉంటుంది, శ్రుతే చెడుతుంది. అరచెయ్యి బ్రిడ్జి తోక మీద ఆనిస్తే ఆరూ హెచ్చుతాయి, అదొకటి. ఆధార షడ్జం మోగిస్తూ గమకాలు కావాలంటే వేరే గిటార్ పట్టుకోవడమే.

మార్గశిరంలో సుబ్బారాయుడి షష్ఠికి స్టేజీ ఎక్కేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఒక తీగ తెగిందంటే స్ప్రింగులది పైచెయ్యి అయి మిగతా అయిదూ ఒక్కసారి హెచ్చుతాయి, పాట అక్కడితో ఆగిపోతుంది. రెండో గిటార్ ఉండాలి. లేకపోతే ప్లేటు తోక కింద శుభలేఖలు దోపి తెగిన తీగ మార్చుకోవాలి.

సాయంత్రం వాన తెరిపిచ్చింది. తీగలు పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లం వేసి కేసు మూశాం. శుభలేఖ ముక్కలు ఇవాళ అయిదు పట్టాయి. వాటికి రబ్బరు బ్యాండు వేసి కేసులోనే పెట్టమని కుర్రాడికి చెబితే, "ఆయ్, అలాగేనండి" అన్నాడు. ఈ గిటార్‌కి ఆ అయిదు ముక్కల మందమే కొలత.