ఆర్చ్‌టాప్ గిటార్ వచ్చింది, నా పరువు పోయింది

నిన్న రాత్రి పదకొండింటికి గిటార్ మళ్ళీ శ్రుతిలో పడింది. ఆ వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

ఆర్చ్‌టాప్ పైచెక్క బల్లపరుపుగా కాకుండా వయోలిన్‌లా మధ్యలో ఉబ్బి ఉంటుంది. గుండ్రటి రంధ్రం బదులు రెండు పక్కలా ఎఫ్ ఆకారంలో చీలికలుంటాయి. 1922లో గిబ్సన్ కంపెనీ ఎల్-5 అనే గిటార్‌తో ఈ రూపం కుదిరింది. మైకులూ యాంప్లిఫయర్లూ లేని రోజుల్లో ట్రంపెట్ల మధ్య వినపడాలి కాబట్టి దీని గొంతు సాగదు, టక్కుమని పలికి ఆగుతుంది. కౌంట్ బేసీ జాజ్ బ్యాండులో ఫ్రెడ్డీ గ్రీన్ దాదాపు యాభై ఏళ్ళు ఇలాంటి గిటార్ మీదే తాళం నడిపాడు. మన విశ్వమోహన్ భట్ గారి మోహన్ వీణ కూడా ఆర్చ్‌టాప్‌ని మార్చి, తీగలు చేర్చి చేసుకున్నదే.

నేనుండేది న్యూజెర్సీలో. నది అవతల మాన్‌హటన్‌లో జాన్ డి ఆంజెలికో 1932లో షాపు పెట్టి, 1964లో పోయేదాకా వీటిని చేత్తో చెక్కాడు. అవి ఇప్పుడు కొనాలంటే కారు అమ్ముకోవాలి. పోనీ పాత తరహాలో చేసిన కొత్తది చూద్దామని నాలుగు షాపులు తిరిగాను. వేలాడుతున్నవన్నీ పికప్, అంటే తీగల కదలికను యాంప్లిఫయర్‌కి పంపే పరికరం, ఉన్నవే. ఒక కుర్రాడైతే "పికప్ లేకుండానా, ఎందుకూ?" అని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. షాపుల్ని నమ్ముకోకండి. ఈస్ట్‌మన్, లోర్ లాంటి కంపెనీలవి సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. గోడిన్ కూడా బాగుంటుంది కానీ దాని పైచెక్క చెక్కినది కాదు, ప్లైవుడ్‌ని వంచినది. నాది లోర్ ఎల్‌హెచ్-600. ఆన్‌లైన్‌లో ఒక పెద్దాయన దగ్గర 650 డాలర్లకు దొరికింది.

కొనడం వరకూ ఏ ఇబ్బందీ లేదు. శనివారం తీగలు మారుద్దామని కూర్చుని ఆరింటినీ ఒకేసారి విప్పేశాను. తీగలు ఆనుకునే బ్రిడ్జి, అదే గుర్రం, ఊడి ఒళ్ళో పడింది. గుండె ఆగినంత పనైంది. అది ఉన్నచోట జిగురు మరక కూడా లేదు. వెంటనే ఆ పెద్దాయనకి ఘాటుగా మెసేజ్ కొట్టాను: విరిగిన గిటార్ అంటగట్టారు, డబ్బులు వెనక్కివ్వండి, లేకపోతే ఒక్క స్టారే పెడతాను అని. ఇరవై ఏళ్ళుగా గిటార్ వాయిస్తున్నానని కూడా రాశాను. ఆ వాక్యం తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది. చిన్నప్పుడు ఆరేళ్ళు వయోలిన్ నేర్చుకుంది.

"ఏమండీ, వయోలిన్‌కి గుర్రం ఎవరైనా అతికిస్తారా? తీగల బరువుకే కదా నిలబడేది!"

అంతే. ఆర్చ్‌టాప్‌దీ అదే లెక్క. తీగలు కిందున్న లోహపు టెయిల్‌పీస్‌కి తగులుకుంటాయి, వాటి ఒత్తిడికే గుర్రం నిలబడుతుంది. మెసేజ్ వెనక్కి తీసుకుందామంటే ఆయన అప్పటికే చదివేశాడు.

గుర్రాన్ని సరిగ్గా ఎక్కడ నిలబెట్టాలో తెలీక ఒకచోట రిపేరుకి పట్టుకెళ్తే 60 డాలర్లన్నాడు, పైగా వెనక గదిలోంచి ఇంకొకణ్ణి పిలిచి మరీ నవ్వాడు. ఆ అరవై వాడికివ్వడం ఇష్టంలేక ఇంటికొచ్చేశాను.

మీరైతే తీగలు ఒక్కొక్కటిగా మార్చండి, ముందే గుర్రం పాదాల పక్కన కాగితం టేపుతో గుర్తు పెట్టుకోండి. ఊడిందా, నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాట్ల పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్‌కి (మెడ మీది అడ్డ లోహపు కడ్డీకి) ఎంత దూరమో, అక్కణ్ణుంచి గుర్రానికి దాదాపు అంతే దూరం పెట్టండి. తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని తాకీతాకనట్టు మీటితే వచ్చే గంటలాంటి స్వరం (హార్మోనిక్), అదే ఫ్రెట్ నొక్కి స్వరం, రెండూ ట్యూనర్‌లో చూడండి. నొక్కిన స్వరం ఎక్కువుంటే గుర్రాన్ని టెయిల్‌పీస్ వైపు, తక్కువుంటే మెడ వైపు వెంట్రుకవాసి జరపాలి. తీగలు కాస్త వదులు చేసి జరపండి, లేకపోతే పైచెక్క గీసుకుపోతుంది. నాది గీసుకుపోయింది, ఓ సన్నటి గీత. మందపు తీగ వైపు ఒకలా, సన్న తీగ వైపు ఇంకోలా వస్తుంది, అందుకే రెండు రాత్రులు పట్టింది.

పెద్దాయనకి క్షమించమని రాసి అయిదు స్టార్లూ పెట్టాను. పొద్దున జవాబొచ్చింది: "ఏ తీగలు వేశావు?"